జాకబ్ మాస్టర్ ఎడమ కాలు

ఉప్పల్ రింగ్ రోడ్డు దాటాక మెట్రో స్తంభాల నీడన ఒక టిఫిన్ బండి ఉంటుంది. ఆఫీసుకు ఎంత ఆలస్యమైనా సరే, అక్కడ ఆగకుండా నేను ముందుకు పోలేను. దోసె రుచిగా ఉంటుందని కాదు. నిజం చెప్పాలంటే చట్నీలో నీళ్ళే ఎక్కువ. నేను ఆగేది పెనం ఊడ్చేటప్పుడు వచ్చే చప్పుడు కోసం. ఒక వాయి దోసెలు తీశాక ఆ బండి అబ్బాయి కాలుతున్న పెనం మీద నీళ్ళు చిలకరిస్తాడు. చుయ్‌మని ఆవిరి లేస్తుంది. పొట్టి చీపురుతో అటోసారి ఇటోసారి ఊడ్చి, చివర్న పెనం అంచు మీద టక్కున ఒక దెబ్బ కొడతాడు. చీపురు అలా కదిలిందో లేదో, నా ఎడమ మడమ దానంతటది లేచి కాలి వేళ్ళు నేలను నొక్కుతాయి. మళ్ళీ లేస్తుంది, మళ్ళీ నొక్కుతాయి. పక్కన ఇడ్లీ తింటున్న వాళ్ళు అనుమానంగా చూస్తారు. మొన్నొక పెద్దావిడ "నరాల బలహీనతేమో, ఒకసారి డాక్టరుకు చూపించుకోమ్మా" అని జాలిపడింది కూడా. ఈ జబ్బు నాకు అంటించిన మనిషి పేరు జాకబ్. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. జబ్బు మాత్రం తగ్గలేదు, తగ్గాలని నాకూ లేదు.

మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. పొట్టి మనిషి. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, ముఖం చూసుకోగలిగేంత నల్లగా మెరిసే బూట్లు, బొజ్జ మీద కొంచెం ఎత్తుకి కట్టిన బెల్టు. తండ్రి సికింద్రాబాద్ వైపు రైలింజన్ల షెడ్డులో పనిచేసేవాడట. అక్కడి డాన్సు హాళ్ళలో శనివారం సాయంత్రాలు జాజ్ వాయించే బృందాలుండేవి. పియానో, ట్రంపెట్, బేస్, డ్రమ్ములు. జాకబ్ గారు కుర్రతనం నుంచి నడివయసు దాకా వాటిలో డ్రమ్ములు వాయించారు. తర్వాత హాళ్ళు ఫంక్షన్ హాళ్ళయ్యాయి, మనుషులు వాయించే పాట బదులు డబ్బాల్లోంచి పాట రావడం మొదలైంది. ఆయన నాచారం పారిశ్రామిక వాడలో ఫిట్టరుగా చేరి, రిటైరై, చర్చి వెనక సందులో ఇల్లు కట్టుకుని, ముందు గదిలో తన డ్రమ్ముల సెట్టు పెట్టుకున్నారు. వీధిలో అందరూ 'డ్రమ్ముల జాకబ్' అనేవారు. మేం మాత్రం మాస్టర్ అనేవాళ్ళం.

నేను ఆయన్ని మొదట చూసింది కూడా టిఫిన్ బండి దగ్గరే. రాష్ట్రం ఇంకా ఒక్కటిగా ఉన్న రోజులు. నేను నాచారంలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ విభాగం చూసుకునేదాన్ని. ఫ్యాక్టరీ గేటు ఎదురుగా ఉన్న బండి దగ్గర దోసె కోసం నిలబడితే, నా ముందున్న ఈ పెద్దాయన తినడం అయిపోయినా కదలడు.

"భయ్యా, జర ఇంకోపారి ఊడ్వు," అన్నారు.

"మీ దోసె అయిపాయె గద సార్!"

"దోస కోసం గాదు. నువ్వు ఊడ్వు. జర మెల్లగ. ఆఖరికి గా అంచు మీద ఒక్కటెయ్యి."

బండివాడు ఇది రోజూ ఉండేదే అన్నట్టు నిట్టూర్చి మళ్ళీ ఊడ్చాడు. పెద్దాయన కళ్ళు మూసుకుని విన్నారు. నాకు నవ్వాగలేదు, పైకే నవ్వేశాను. ఆయన వెనక్కి తిరిగారు. కోప్పడతారనుకుంటే నా కాళ్ళవైపు చూపించారు. "నవ్వు బిడ్డా, నవ్వు. కానీ నీ కాలు జూస్కో. నోరు నవ్వుతుంది, కాలేమో వాని చీపురు ఎంబడి పోతుంది." చూసుకుంటే నిజమే. నా ఎడమ చెప్పు నేలను తడుతోంది. నాకే తెలియకుండా ఎప్పుడు మొదలుపెట్టిందో! "ఐదింటికి మీ సైరన్ గొడ్తరు గద. అయినంక చర్చి ఎనక సందుకు రా. జాకబ్ ఇల్లేదని ఎవల్నడిగినా జెప్తరు. జర తిట్టుకుంట జెప్తరు, అంతే," అని చెప్పి, రుమాలుతో బూటు మీది దుమ్ము దులుపుకుని వెళ్ళిపోయారు.

ఇక్కడ మా ఇంటి సంగతి కాస్త చెప్పాలి. మాది తెనాలి వైపు. నాన్నగారు ప్రభుత్వ పరిశోధనాశాలలో ఉద్యోగం మీద వచ్చి ఉప్పల్‌లో స్థిరపడ్డారు. మా ఇంట్లో సంగీతం అంతా అక్కయ్యది. చిన్నప్పుడు నన్నూ దానితోపాటు పాటకి పంపితే, సంగీతం మాస్టారు నా సరళీస్వరాలు వారం రోజులు ఓర్చుకుని, "అమ్మాయికి కుట్లూ అల్లికలూ నేర్పించండి" అని మా అమ్మతో ఎంతో మర్యాదగా చెప్పారు. అప్పట్నుంచి నాకు సంగీతం రాదని నాకూ ఇంటిల్లిపాదికీ గట్టి నమ్మకం. అలాంటిది ముక్కూ మొహం తెలియని మనిషి నా కాలిని మెచ్చుకున్నాడు. ఆ పొగడ్తకి పొంగిపోయి ఆ సాయంత్రమే వెళ్ళాను. సందు మొదట్లో అడిగితే, ఆయన చెప్పినట్టే, తిట్టుకుంటూనే దారి చూపించారు.

ముందు గదిలో అప్పటికే ముగ్గురున్నారు. పెళ్ళిళ్ళ బ్యాండులో డ్రమ్ము కొట్టే మల్లాపూర్ యాదగిరి, స్కూటర్లు బాగుచేసే ఇమ్రాన్, చర్చిలో పాడే స్టీఫెన్. సెట్టు మాత్రం ఒక్కటే. ఒకరి తర్వాత ఒకరు వాయిస్తారు కాబోలనుకున్నాను. కాదట. మాస్టర్ పద్ధతి వేరు. "ఒకలు గొడ్తుంటె మిగిలినోళ్ళు దిక్కులు జూస్తరు. నాకది నచ్చదు. మీరు నలుగురు కలిసి ఒక్క మనిషి," అన్నారు. స్టీఫెన్ కుడి చెయ్యి, పెద్ద సింబల్ అనే ఇత్తడి పళ్ళెం వాడిది. యాదగిరి ఎడమ చెయ్యి, ఒళ్ళో ఉండే స్నేర్ డ్రమ్ము అతనిది. ఇమ్రాన్ కుడి కాలు, కింద తొక్కి మోగించే పెద్ద డోలు. నాకు మిగిలింది ఎడమ కాలు. ఒకదాని మీద ఒకటి ఉన్న రెండు సింబల్స్‌ని కాలితో తొక్కితే 'చిక్' అని మూసుకుంటాయి. దాన్ని హై హ్యాట్ అంటారు. మాస్టర్ జోడీ అనేవారు. ఒకటీ రెండూ మూడూ నాలుగూ అని లెక్క నడుస్తుంటే రెండు దగ్గర ఒకసారి, నాలుగు దగ్గర ఒకసారి నేను 'చిక్' అనిపించాలి. అంతే నా పని.

"ఒట్టి ఎడమ కాలేనా మాస్టర్?" అన్నాను, మొహం మాడ్చుకుని.

"మస్తు ఆరాం నీకు అక్కా! గోళీ సోడ తాగుకుంట గూడ కొట్టొచ్చు," అన్నాడు యాదగిరి. నేను వాడికేసి చూసిన చూపుకి వాడు మళ్ళీ ఆ వారమంతా నాతో మాట్లాడలేదు.

ఇలా నెలలు గడిచాయి. ఒక ఆదివారం మా అమ్మ పట్టుబట్టింది. "ఇన్నాళ్ళుగా వెళ్తున్నావు కదే, ఏం నేర్చుకున్నావో కాస్త చూపించు." వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కాలు ఆడించాను. అమ్మ గరిటె పట్టుకుని ఓపిగ్గా నిలబడింది, ఇంకా ఏదో మొదలవుతుందని. చాలాసేపటికి అడిగింది, "అంతేనా?" అంతేనన్నాను. "దీనికి పాఠాలా? కాలు ఊపడం మీ నాన్న ఒక్క రోజు నేర్చుకోకుండానే ఊపుతున్నారు కదే పాతికేళ్ళుగా!" పేపరు వెనక నాన్నగారు కిసుక్కున నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడు తిన్నగా మాస్టర్ ఇంటికెళ్ళి, కర్రలు ఇస్తే నేర్చుకుంటాను లేకపోతే లేదు అని తేల్చిచెప్పాను.

అప్పుడు పక్కింటాయన నిద్రపోతున్నాడు. అతనికి ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ. అతను లేచేదాకా మాస్టర్ డ్రమ్ముల మీద దుప్పట్లు కప్పి ఉంచేవారు. ఆ వేళల్లో చెక్కపీట మీద పాత పేపరు పరిచి, దాని మీద వైర్ బ్రష్షులతో నేర్పేవారు. సన్నటి ఉక్కు తీగల కుచ్చులు అవి. పేపరు మీద గుండ్రంగా ఊడిస్తే పెనం మీద చీపురు కదిలినట్టే ఉంటుంది. ఆ రోజు రెండు బ్రష్షులూ నా చేతికిచ్చి "కొట్టు" అన్నారు. రెండు చేతులూ కలిపేసరికి కాలు ఆగిపోయింది. కాలు గుర్తొచ్చేసరికి చేతులు తడబడ్డాయి. ఆయన నవ్వలేదు. వాళ్ళావిడ మేరీ ఆంటీని కేకేసి టీ పెట్టమని, నా ఎదురుగా కూర్చున్నారు.

"ఒక మాట జెప్త విను. గప్పుడు నేను నీ అంత ఉన్న. హాలు నిండ జనం, జోడీలు జోడీలుగ డాన్సు. ఒక్కసారి కరెంటు పోయింది. చిమ్మ చీకటి. మైకులు బంద్. పియానో ఆయన ఆపిండు, బాజా ఆయన ఆపిండు. నా చేతులు గూడ ఆగినయ్, కర్ర ఏడ తగుల్తదోనని భయం. కానీ గీ కాలు ఆపలే. చిక్... చిక్. గంతే. ఎవ్వలు గూసోలే బిడ్డా. అందరు చీకట్ల నా కాలు పట్టుకొని ఆడిన్రు. కరెంటొచ్చింది, ఒక్కలకు గూడ అడుగు తప్పలే." తన ఎడమ మోకాలి మీద అరచేత్తో తట్టారు. "అన్నీ ఆగిపోతయ్ ఒక్కోపారి. కరెంటు పోయినా నువ్వు ఆపొద్దు. గందుకే నీకిచ్చిన. గా పోరగాళ్ళు ముగ్గురు తమ చప్పుడు తామే ఇంటరు. నువ్వు బండికాడ నవ్వుకుంట గూడ వాని చీపురు విన్నవ్."

ఆ టీ తాగాక నేను మళ్ళీ కర్రల ఊసెత్తలేదు. నా కాలికి కాస్త గర్వం కూడా వచ్చింది.

యాదగిరి బారాత్ కథ చెప్పకపోతే మాస్టర్ గురించి చెప్పినట్టే కాదు. మన పెళ్ళి ఊరేగింపుల్లో దెబ్బ బరువంతా ఒకటి మీద పడుతుంది. ఎవరెంత తాగి ఉన్నా ఆ ఒకటి దొరుకుతుంది, ఆడతారు. మాస్టర్ మాకు నేర్పింది దీనికి సరిగ్గా ఎదురు. బరువు రెండు మీదా నాలుగు మీదా, అదీ కొంచెం ఊగుతూ. రోజూ అదే వాయించి వాయించి యాదగిరి చేతికి ఆ ఊపు పట్టేసింది. ఉప్పల్‌లో ఒక పెళ్ళికి, గుర్రం మీద పెళ్ళికొడుకు, ముందు బంధువులు, మంచి జోరుమీద ఉండగా వీడి చెయ్యి వీడి మాట వినకుండా జాజ్‌లోకి జారింది. ముందు మేనమామ అడుగు తప్పాడు. తర్వాత ఆయన్ని చూసి ఆడే వాళ్ళంతా తప్పారు. ఒకరి కాలు ఒకరు తొక్కుకున్నారు. గుర్రం ఆగి నిలబడిపోయింది. "ఏం గొడ్తున్నవ్‌ రా, పెండ్లికా, సర్కస్‌కా!" అని మేనమామ అరిచాడు. బ్యాండు యజమాని వాణ్ణి మర్నాటి నుంచి రావద్దన్నాడు.

యాదగిరి ఏడుపు మొహంతో వచ్చి ఇదంతా చెబితే మాస్టర్ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. "గుర్రం గూడ ఆగిందా? నిజంగనా?" అని మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నారు. తర్వాత లేచి బూట్లు తొడుక్కున్నారు. వాణ్ణి వెంటబెట్టుకుని బ్యాండు యజమాని దగ్గరికి వెళ్ళి, "తప్పు పోరనిది గాదు, నాది. పెండ్లి చేతికి వేరే రోగం అంటించిన. ఇగ చూస్కుంట," అని చేతులు జోడించారట. ఆ యజమాని మాస్టర్ వయసు చూసి, మొహమాటపడి, వాణ్ణి మళ్ళీ తీసుకున్నాడు. తిరిగొచ్చాక మాస్టర్ వాడికి చెప్పిన మాట మా అందరికీ వర్తించింది. "పెండ్లిల పెండ్లే కొట్టు. నీ ముంగట ఆడేటోళ్ళ కాళ్ళు జూడు, గా కాళ్ళ కోసం కొట్టు. నీకొచ్చింది చూపిచ్చుకోనీకె కాదు గీ పని." ఆ తర్వాత యాదగిరి ఏ బారాత్‌లోనూ గుర్రాన్ని ఆపలేదు. సరదాగా కూడా.

ఉప్పల్‌లో మెట్రో స్తంభాల కోసం రోడ్లు తవ్వుతున్న రోజుల్లో మాస్టర్‌కి పక్షవాతం వచ్చింది. పొద్దున్నే బూటు తొడుక్కుంటూ పక్కకు ఒరిగిపోయారట. ఎడమ చెయ్యి, ఎడమ కాలు. మాట పోలేదు. ప్రాణానికి భయం లేదని, ఎడమ వైపు మాత్రం మునుపటిలా రాదని దవాఖానాలో చెప్పారు. మూతి కొంచెం వంకరపోయింది గాని అది కొన్నాళ్ళకి సర్దుకుంది. సర్దుకోనిది మనిషే. ఇంటికి తెచ్చాక మేం పలకరించడానికి వెళితే గోడవైపు తిరిగి పడుకునేవారు. సెట్టు మీద దుప్పటి కప్పించి, దాన్ని ఎవరికైనా ఇచ్చేయమన్నారు. పాఠాల్లేవని చెప్పించారు.

మేరీ ఆంటీ నన్ను గుమ్మం దాకా సాగనంపుతూ కళ్ళొత్తుకుంది. "తినకపోతే తినకపాయె, మాట్లాడకపోతే మాట్లాడకపాయె బిడ్డా. పెండ్లయిన కాడ్నుంచి చూస్తున్న, ఈ మనిషి పళ్ళెం మీద కొడ్తడు, బల్ల మీద కొడ్తడు, నిద్రల నా చెయ్యి మీద గూడ కొడ్తడు. ఎన్ని తిట్లు తిట్టిన! ఇప్పుడు కుడిచెయ్యి మంచిగనే ఉన్నది గద, దాంతోని గూడ కొడ్తలేడు. ఇల్లు ఇంత సప్పుడు లేకుండ నేనెన్నడూ ఎరగ."

బస్సులో ఇంటికొస్తూ ఏడ్చాను. ఆయన బతికున్నారు, మంచమ్మీద కూర్చుంటున్నారు, అందరూ అదృష్టం అంటున్నారు. నాకు మాత్రం ఆయన ఒక్కో రోజూ కొంచెం కొంచెంగా వెళ్ళిపోతున్నట్టే ఉంది. మళ్ళీ ఒక్కసారైనా ఆ డ్రమ్ముల ముందు కూర్చోకపోతే మాస్టర్ ఇక లేచి తిరగరని నాకు అర్థమైంది. అది యాదగిరికీ అర్థమైంది. "ఏం జేద్దామక్కా?" అని వాడు ఫోన్ చేస్తే, "ఆదివారం అందరం వెళ్దాం, వద్దన్నా వాయిద్దాం," అన్నాను.

ఆ ఆదివారం చర్చి అయ్యాక నలుగురం వెళ్ళాం. మేరీ ఆంటీ చప్పుడు చేయకుండా దుప్పటి తీసింది. లోపలి గది తలుపు ఓరగా వేసి ఉంది. మంచమ్మీద ఆయన వీపు కనిపిస్తోంది. ఎవరి స్థానాల్లో వాళ్ళం కూర్చున్నాం. స్టీఫెన్ సింబల్ మీద మొదలుపెట్టాడు, ఇమ్రాన్ కలిశాడు, యాదగిరి బ్రష్షులతో మెల్లగా ఊడ్చాడు. నా కాలే కుదరలేదు. రెండు దగ్గర పడాల్సింది రెండు దాటాక పడుతోంది. సరిచేసుకోవాలని చూసినకొద్దీ ఇంకా వెనకబడుతోంది. యాదగిరి నన్ను చూసి కనుబొమ్మలు ఎగరేశాడు. నాకు ఏడుపొచ్చేస్తోంది.

"ఎవలది గా ఎడమ కాలు?"

లోపల్నుంచి కేక. అందరం ఆపేశాం.

"మిమ్మల్ని ఆపమన్ననా? ఎవలది గా ఎడమ కాలు అంటున్న!"

"నాదే మాస్టర్," అన్నాను.

నాలుగు కాళ్ళ ఊతకర్ర నేలకు తగిలే చప్పుడు, ఈడ్చుకునే కాలి చప్పుడు. తలుపు తెరుచుకుంది. లుంగీ, బనీనుతో, పెరిగిన గడ్డంతో ఆయన. అంత కోపం ఆయన మొహంలో నేనెప్పుడూ చూడలేదు. "నా ఎడమ కాలు ఎన్నడన్న లేటొచ్చిందా? చీకట్ల గూడ రాలే. గిప్పుడెందుకొస్తుంది? ఏం పుట్టింది దానికి?"

ఆయన నన్నే చూస్తూ నిలబడ్డారు. తర్వాత తన కాలికేసి చూసుకున్నారు, మళ్ళీ నా కాలికేసి. కోపం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో నాకు తెలియదు గాని, మాట మెత్తబడింది. "జరుగు రా స్టీఫెన్," అన్నారు.

స్టీఫెన్, ఇమ్రాన్ ఇద్దరూ లేచి పక్కకు తప్పుకున్నారు. వెన్ను ఆనుకునే కుర్చీ తెచ్చి వేశాం. మేరీ ఆంటీ పెద్ద తువ్వాలు తెచ్చి, ఆయన పక్కకు ఒరగకుండా నడుముని కుర్చీకి కట్టింది. "గట్టిగ కట్టు, పెండ్లినాడు కట్టినట్టు," అన్నారు ఆయన. పక్షవాతం వచ్చాక ఆయన అన్న మొదటి వేళాకోళం అది. ఆంటీ నవ్వింది, ఏడ్చింది, ముడి మళ్ళీ వేసింది. కుడి చేతికి కర్ర, కుడి కాలి కింద డోలు తొక్కుడు. అవి రెండూ ఆయనవే. ఎడమ వైపు వంగి నిలబడి యాదగిరి ఎడమ చెయ్యి అయ్యాడు. ఆయన కాలి పక్కనే పీట వేసుకుని కూర్చుని, జోడీ మీద నా కాలు పెట్టాను. ఆయన చచ్చుపడ్డ కాలు నా కాలిని ఆనుకుని ఉంది. చల్లగా, బరువుగా.

సింబల్ మీద కర్ర పడింది. టిం... టిం, టటిం. మొదట్లో నెమ్మదిగా, వెతుక్కుంటున్నట్టు. ఈసారి నా కాలు లేటు రాలేదు. ఎలా వస్తుంది? ఆయన ఊపిరి తీయడం కూడా నాకు తెలుస్తోంది. ఒంట్లో ఊపు భుజం దాకా వచ్చి చేతిలోకి దిగకముందే నా కాలికి తెలిసిపోతోంది. కొంతసేపటికి ఆ గదిలో వాయిస్తున్నది ముగ్గురని మరిచిపోయాను. ఆయన కళ్ళు మూసుకుని, నెరిసిన గడ్డంలోకి కన్నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా, నవ్వుతూ వాయించారు. పక్కింటాయన నిద్ర లేచి లుంగీ ఎగ్గట్టుకుని తిట్టడానికి వచ్చి, కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడిపోయాడు.

ఆ తర్వాత ఆయన ఎడమ వైపు మేమిద్దరమే. పాఠాలు మళ్ళీ మొదలయ్యాయి, తిట్లు కూడా. చర్చి హాల్లో క్రిస్మస్‌కి వాయించాం. తువ్వాలు కనబడకుండా ఆంటీ దాని మీద కోటు కప్పింది. జనం హుషారొచ్చి ఒకటి మీద చప్పట్లు కొట్టారు. "బారాతే అనుకుంటున్రు," అని మాస్టర్ నా వైపు వంగి గుసగుసలాడారు, మురిసిపోతూ.

రాష్ట్రం విడిపోయే ముందు రోజుల్లో మా ఇంట్లో రోజూ ఒకటే చర్చ. బంధువులు ఫోన్లు చేసి, ఇల్లు అమ్మేసి గుంటూరు వైపు వచ్చేయమనేవారు. నాన్నగారు తేల్చుకోలేకపోయేవారు. కొత్త రాష్ట్రం వచ్చిన రోజు నాచారం వీధి వీధంతా బయట ఉంది. రంగులు, స్వీట్లు. యాదగిరి డప్పు వేసుకుని వాయిస్తుంటే పిల్లలూ పెద్దలూ ఆడుతున్నారు. వాడి ఆనందం చూస్తే నాకూ ఆనందంగానే ఉంది. కానీ అది నేను ఆడవచ్చో లేదో తెలియని పెళ్ళిలాగా ఉంది. సందు చివర గోడ పక్కన నిలబడ్డాను. మాస్టర్ గేటు దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నారు. నన్ను చూసి కర్ర ఎత్తి పిలిచారు.

"ఏంది బిడ్డా, గట్ల దూరంగ నిలవడ్డవ్?"

"మా వాళ్ళు వెళ్ళిపోదామంటున్నారు మాస్టర్," అన్నాను.

ఆయన డప్పు చప్పుడు వైపు చెవి పెట్టి విన్నారు. "పోతే పోండ్రి. ఎవల ఊరు వాళ్ళకుంటది. కానీ మీ నాయనను జర అడుగు, నా ఎడమ కాలు తీస్కపోయి గుంటూర్ల ఏం జేస్కుంటడని." ఆ మాట ఇంటికొచ్చి యథాతథంగా చెప్పాను. నాన్నగారు పేపరు మడిచి, చాలాసేపు కాలు ఊపుతూ కూర్చున్నారు. ఇల్లు అమ్మే మాట ఆ తర్వాత మా ఇంట్లో వినబడలేదు.

ఆ ఏడే వానాకాలం చివర్లో మాస్టర్‌కి జ్వరం పట్టుకుని విడవలేదు. దవాఖానాకి పోనని మొండికేశారు. ఒక మధ్యాహ్నం నేనూ యాదగిరీ వెళితే మంచమ్మీదే దిండ్లకు ఆనుకుని కూర్చున్నారు. పక్కింటాయన నిద్రపోతున్నాడు కాబట్టి డ్రమ్ములు వద్దన్నారు. ఒళ్ళో పీట పెట్టించుకుని పేపరు పరిపించారు. ఒక బ్రష్షు ఆయన కుడి చేతిలో, ఒకటి యాదగిరి ఎడమ చేతిలో. నేను మంచం పక్కన కూర్చుని నేల మీద కాలితో రెండూ నాలుగూ. బయట తుంపర. పేపరు మీద తీగల చప్పుడు, నా కాలి చప్పుడు. చాలా హాయిగా ఉంది. అంత హాయిగా ఉన్న మధ్యాహ్నాలు నా జీవితంలో ఎన్నో లేవు.

ఆయన బ్రష్షు నెమ్మదించి, పేపరు మీద ఆగింది. తల దిండు మీదకి వాలింది. నిద్రపట్టిందనుకున్నాను. యాదగిరి కూడా చెయ్యి ఆపాడు. ఆయన మొహంలోకి చూశాడు, తర్వాత నా మొహంలోకి. నాకు అర్థమైంది. అయినా నా కాలు ఆగలేదు. ఆపాలనిపించలేదు. చేతులన్నీ ఆగిపోయిన ఆ హాల్లో, చీకట్లో, ఆయన ఆపలేదు కదా. మేరీ ఆంటీ టీ పట్టుకుని వచ్చింది. ఆయన్ని చూసింది. కప్పులు కింద పెట్టి, ఆయన చేతిలోంచి బ్రష్షు తీసి, నా పక్కన కూలబడింది. నా కాలి చప్పుడే వింటూ కూర్చుంది. ఎంతసేపటికో నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"చాలు బిడ్డా," అంది. "ఇగ ఆపు."

సెట్టు ఇప్పుడు దమ్మాయిగూడలో, నేను వేరుగా ఉంటున్న ఇంటి ముందు గదిలో ఉంది. ఆంటీయే ఇచ్చి పంపింది. యాదగిరికి ఇప్పుడు సొంత బ్యాండు. శనివారాలు వచ్చి నాతోపాటు కాలనీ పిల్లలకు నేర్పుతాడు. నలుగురు పిల్లలు, ఒక్క సెట్టు. ఈ మధ్య కొత్తగా చేరిన ఒక పిల్లకి ఎడమ కాలు ఇస్తే మూతి ముడుచుకుని, "ఒట్టి కాలేనా మేడమ్?" అంది. యాదగిరి నా వైపు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నేను ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, కరెంటు పోయిన డాన్సు హాలు కథ మొదలుపెట్టాను.

ఈ పొద్దున కూడా రింగ్ రోడ్డు దగ్గర బండి ముందు ఆగాను. దోసె తిన్నాను, చేయి కడుక్కున్నాను. అబ్బాయి పెనం ఊడ్చి పిండి గరిటె అందుకోబోతున్నాడు. ఇన్నేళ్ళుగా అడగాలనుకుని సిగ్గుపడి ఊరుకున్న మాట ఇవాళ నోరు జారి వచ్చేసింది. మా అమ్మ వింటే ఆశ్చర్యపోయేది. అది మా ఇంటి భాష కాదు.

"భయ్యా," అన్నాను, "జర ఇంకోపారి ఊడ్వు."